ఎర్త్ గుంతకు ఒక బిందె

రాళ్లకొట్టాల, ఉరవకొండ దగ్గర
జూలై 6

తిప్పేష్ గారికి,

పుల్లన్న భార్య మారెక్క రాయడమేమంటే,

మీరు, గారు అని రాస్తున్నానని ఉలిక్కిపడవద్దు. అన్నా అని పిలవడానికి నోరు రావడం లేదు. మీ ఫోను నెంబరు బ్లాక్ చేయించింది నేనే. ఫోనులో ముందు మీరు అరుస్తారు, తర్వాత నేను అరుస్తాను, ఆఖరుకు ఎవరేమన్నదీ మిగలదు. కాగితమైతే మిగులుతుంది. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, అందలేదు అనడానికి లేదు.

మే నెలలో ఆ బుధవారం మధ్యాహ్నం మీ రేడియో గది గడప మీద నా మొగుడు పడిపోయినాడు. పిడుగు మీ కంబం మీద పడింది. అనంతపురంలో మీరుండే బాడుగ మిద్దె మీద ఓనరు తీగ కట్టనియ్యలేదని, పదకొండేండ్ల కింద ఆ ఇనుప కంబాన్ని తెచ్చి మా ఇంటి పక్కన, గుట్ట నెత్తిన పాతింది మీరు. ఆదివారమైతే వస్తారు. గదిలో కూర్చుని జపానువానితోనో రష్యావానితోనో తంతి మాదిరి కట కటా కొట్టుకుంటారు, సాయంత్రం బస్సుకు పోతారు. మిగతా ఆరు దినాలూ మబ్బు పడితే ఆ స్విచ్ చూసుకునింది నా మొగుడు. దానికి జీతమా, బత్తెమా?

ఆ దినం మీరు ఫోను చేసినారు. మేమిద్దరం గొర్రెల దొడ్డిలో ఉన్నాం. "ఉండు, ఆఫ్ చేసొస్తా" అని చెప్పి చేతులు కూడా కడుక్కోకుండా పోయినాడు. మళ్లా రాలేదు.

ఆ బాధ నాది, మీకు రాయను. దినాల నాడు పాలకేంద్రం అరుగు మీద మీరన్న మాటకు రాస్తున్నాను. "బావ స్విచ్ దించలేదు, నిర్లక్ష్యం చేసినాడు, దించింటే బతికేవాడు" అన్నారు. ఊరంతా వినింది. పోయిన మనిషి పేరు కూడా మిగలనియ్యరా మీరు?

మీ కంబం పీక్కుపోండి. గది తాళంచెవి పంపండి. ఆ మాటను ఏ అరుగు మీద అన్నారో అదే అరుగు మీద వెనక్కు తీసుకోండి.

మారెక్క


అనంతపురం
జూలై 15

మారెక్కకు,

గారు అట! ఏమే, నేను నీకు ఎప్పటి నుంచి గారు అయ్యాను? పోస్టుమాన్ ముందు సంతకం పెట్టి చెల్లెలి తిట్లు తీసుకునే గతి పట్టింది నాకు.

సరే, కాగితం మీదే మాట్లాడుకుందాం. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు తీగలు కలిపినవాడిని. నాకు తెలియనిది నువ్వు చెప్పక్కర్లేదు. ఆ గోడకున్నది కత్తి స్విచ్. చెక్క మీద కత్తిలాంటి రాగి పట్టీ, దానికి కర్ర పిడి. పైకి వేస్తే తీగ రేడియోకు కలుస్తుంది. కిందికి దించితే ఎర్త్‌కు కలుస్తుంది. దించి ఉంటే పిడుగు చాలావరకు ఎర్త్ తీగ పట్టుకుని బయటి గుంతలోకి దిగిపోతుంది. మబ్బు పడితే దించాలి, అంతే. పదకొండేళ్లుగా బావకు చెబుతూనే ఉన్నాను. ఆ రోజు ఫోనులో కూడా దించమనే చెప్పాను. దించలేదు. ఉన్నమాట అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెందుకు?

నువ్వు దాటేసిన సంగతి ఒకటుంది. ఎర్త్ గుంత. ఆరడుగులు తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, రాగి రేకు పూడ్చాను. మన నేల వేసవికి ఎండి రాయి అవుతుంది, ఎండిన నేల పిడుగును మింగదు. అందుకే రెండు రోజులకొక బిందె నీళ్లు పోయమని నీకు అప్పజెప్పాను. పోశావా? నేను ఆ రోజు వచ్చి చూసేసరికి గుంత నెర్రెలిచ్చి ఉంది. వేలు దూరేంత నెర్రెలు.

కంబం తీయను. నా హామ్ రేడియో లైసెన్సు ఆ చిరునామా మీద ఉంది. కంబం పోతే నేనూ పోయినట్టే. తాళంచెవి పంపను. గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. ముఖ్యంగా ఆ స్విచ్ బోర్డును ఎవరూ ముట్టుకోకూడదు. నేను వచ్చినప్పుడు నేనే చూసుకుంటాను.

తిప్పేష్


రాళ్లకొట్టాల
ఆగస్టు 2

తిప్పేష్ గారికి,

మీ ఆఫీసు తెలుగు చదివినాను. బాగుంది. పుట్టింది ఈ రాళ్లల్లోనే అయినా "చేశాను, చెప్పాను" అని రాస్తే పాపం కడుక్కుపోతుందనుకుంటిరేమో.

నీళ్లు పోసినాను. రెండు దినాలకొక బిందె. మీరు అడిగినారు, నేను చెప్పినాను, అయిపోయింది.

ఇప్పుడు నేను అడుగుతాను. మీ మాట యాడిదాకా పోయిందో తెలుసునా? బిడ్డ కల్పనను మేము ఇచ్చింది యాడికి అనే ఊర్లో. ఇక్కడి నుంచి ఎంత దూరం! ఆడికి కూడా పోయింది. మొన్న నా బిడ్డ వంటింట్లో పాలు పొంగబెట్టిందంట. వాళ్లత్త ఏమనిందో తెలుసునా? "మీ నాయన ఒక స్విచ్ దించల్యాక సచ్చినాడంట, నీకు పొయ్యి ఆర్పేది యాడ గుర్తుంటాది?" నా బిడ్డ ఏడుపు ఆపుకోలేక బాత్రూంలోకి పోయి నాకు ఫోను చేసింది.

నా మొగుడు బోరు మోటార్లతో ముప్పై ఏండ్లు బతికినాడు. చెప్పులు లేకుండా స్టార్టరు ముట్టుకునేవాడు కాదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుని గానీ తీగ పట్టుకునేవాడు కాదు. ఒక్కనాడు షాకు తినలేదు. అట్లాంటి మనిషికి నిర్లక్ష్యం అంటగడతారా?

ఊర్లో సుంకమ్మ, ఇంకా నలుగురు, "మీ యన్న కంబం మబ్బుల్ని చీలుస్తాంది, అందుకే మన చేన్లకు వాన ల్యాదు" అని నా మీదికి వస్తే, "మా యన్న సదువుకున్నోడు, మీకేం తెలుసు" అని కొట్లాడినదాన్ని నేను. చెప్పు తీసి నన్ను నేనే కొట్టుకోవాలి.

పదిదినాల్లో తాళంచెవి రావాలి. లేదంటే మోటారు మెకానిక్కు కేశవను పిలిపించి తాళం కోయిస్తాను.

మారెక్క


అనంతపురం
ఆగస్టు 12

మారెక్కకు,

తాళం కోస్తే పోలీసు కంప్లయింటు ఇస్తాను. చెల్లెలని చూడను. అది ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కేంద్రం, నీ గొర్రెల దొడ్డి కాదు. కేశవ లాంటివాళ్లకు మోటారు బేరింగులు తప్ప ఏమీ తెలియదు. వాడు ఆ బోర్డు దగ్గరికి వచ్చాడని తెలిస్తే ఊరుకోను.

నీళ్లు పోశాను, అయిపోయింది అని రాశావు. అయిపోలేదు. రెండు రోజులకొక బిందె పోసిన గుంత అట్లా నెర్రెలిస్తుందా? నీ బిడ్డ మీద ఒట్టు పెట్టి రాయి చూద్దాం. రాయలేవు. ముందు నీ ఇంట్లో జరిగింది చూసుకో, తర్వాత నన్ను అరుగు మీదికి పిలుద్దువు గానీ.

తిప్పేష్


రాళ్లకొట్టాల
ఆగస్టు 30

అన్నకు,

పోయలేదు.

పదకొండు దినాలు పోయలేదు. మే నెలలో టాంకరు ఆరు దినాలకొకసారి వచ్చింది. ఇంటికి ఎనిమిది బిందెలు. గొర్రెలు నాలుగు ఈనినాయి, తల్లులకు నీళ్లు లేకపోతే పాలు దిగవు. మనుషులకే లేని నీళ్లు మంటి గుంతలో ఎట్ల పోసేదని బిందె ఎత్తి, మళ్లా దించినాను. ఆయప్ప ఒకసారి అడిగినాడు, "అన్న చెప్పినట్ల పోస్తాండావా?" అని. పోస్తాండా అన్నాను. మొగునికి అబద్ధం చెప్పినాను. నీకూ అదే అబద్ధం రాసినాను.

నీ జాబు వచ్చినప్పటి నుంచి నిద్ర లేదు. బిడ్డ మీద ఒట్టు అన్నావు గదా, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. రోజూ గుంత దగ్గరికి పోయి నిలబడతాను. ఇప్పుడు పోస్తున్నాను. టాంకరు రానీ రాకపోనీ, నా స్నానం నీళ్లు ఆపి పోస్తున్నాను. సుంకమ్మ చూసి, "ఏమక్కా, సచ్చినోనికి నీళ్లు ఇడుస్తాండావా?" అనింది. అవును అన్నాను.

కల్పనకు ఇంకా చెప్పలేదు. మీ నాయన పోయింది స్విచ్ వల్ల కాదు, మీ అమ్మ బిందెడు నీళ్లు పోయక పోయినాడు అని ఎట్ల చెప్పేది?

నువ్వు గెలిచినావు. నీ కంబం ఉండనీ. ఆయప్ప మీద మాత్రం ఆ మాట వెనక్కు తీసుకో. నా పేరు చెప్పు కావాలంటే.

మారెక్క


అనంతపురం
సెప్టెంబరు 8

చెల్లికి,

ఉత్తరం అందింది. అయ్యిందేదో అయ్యింది. ఎవరి తలరాత వాళ్లది. ఇక దీన్ని తవ్వుకోవద్దు. కల్పనకు ఏమీ చెప్పవద్దు, అరుగు మీద కూడా ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

గుంతకు నీళ్లు పోస్తున్నావు కదా, మంచిది. గది జోలికి మాత్రం పోవద్దు. నాకు మోకాళ్ల నొప్పులు తగ్గగానే వచ్చి ఆ బోర్డు మార్చేస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

తిప్పేష్


రాళ్లకొట్టాల
సెప్టెంబరు 24

తిప్పేష్,

గారూ లేదు, అన్నా లేదు. ఈ పొద్దు నాకు వచ్చే తెలుగులోనే రాస్తా. సదువుకో.

మంగళారం మజ్జానం పడమట మబ్బు లేసింది. ఉరుము ఇంకా దూరంగానే ఉండాది. ఆ స్విచ్ పైకుండాదో కిందికుండాదో తెలీదు, గదికి నీ తాళం. మళ్లా పిడుగు పడితే గొర్రెలు, నేను, అందరం పోతాం. కేశవను పిలిపిస్తి. పోలీసు కంప్లయింటు ఇచ్చుకో. రెండు నిమిషాల్లో తాళం కోసినాడు.

స్విచ్ పైకీ లేదు, కిందికీ లేదు. నడిమధ్యలో ఉండాది. పిడి మన మీదికి చెయ్యి చాపినట్ల నేరుగా నిలబడుండాది. చెక్కంతా మాడిపోయింది. కేశవ కట్టెతో దాన్ని కిందికి దించి, నన్ను బయటికి లాక్కొచ్చినాడు. ఆ మబ్బు వాన ఇయ్యకుండానే పోయింది. తరువాత దొడ్డికాడ కూర్చోని అడిగితి, "మధ్యలో ఎందుకుండాది రా?" అని.

వాడు ఏమన్నాడో విను. "అక్కా, మన చేన్లో రెండు బోర్లకు చేంజోవర్ స్విచ్ ఉండాది గదా. పైకేస్తే పెద్ద బోరు, కిందికేస్తే చిన్న బోరు. మధ్యలో పెడితే ఆఫ్. పుల్లన్న మామ ముప్పై ఏండ్లు అట్లే ఏసినాడు. ఎవురన్నా ఆఫ్ చెయ్యమంటే ఆయప్ప చెయ్యి మధ్యలోకే పోతాది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ పొద్దు ఆయప్ప చేతులకు పేడ, అందుకని ఫోను నేను పట్టుకోని స్పీకరు పెట్టింటి. నువ్వు దించు అనలేదు. "బావా, మబ్బు వస్తాండాది, ఆ స్విచ్ ఆఫ్ చెయ్" అన్నావు. ఆఫ్ అన్నావు! నేను మొదటి జాబులోనే రాసినా, "ఆఫ్ చేసొస్తా" అని పోయినాడని. రాసిన నాకే తెలీలేదు. సదివిన నీకు తెలిసింది. తెలిసే "దించమనే చెప్పాను" అని రాసినావు.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ పొద్దు నువ్వు సాయంత్రం బస్సు దిగి, పడసాలలో పండబెట్టిన బావను చూడకముందే గదిలోకి పోయినావు. తాళం ఏసి, చెవి జేబులో ఏసుకోని, అప్పుడొచ్చి ఏడిసినావు. రేడియో మీద అంత ప్రేమేమో అనుకుంటి. నువ్వు చూసింది ఆ కత్తిని. మే నెల నుంచి నీకు తెలుసు.

నీ సదువంతా నాకొద్దు. ఒక్కటి చెప్పు. కత్తి మధ్యలో ఉన్నప్పుడు, నా బిందె నీళ్లకూ ఆ పిడుగుకూ సంబంధం ఉండాదా, లేదా?

మారెక్క


అనంతపురం
అక్టోబరు 3

మారెక్కా,

లేదు.

కత్తి మధ్యలో ఉంటే తీగకూ గుంతకూ కలిసే దారే లేదు. నువ్వు రోజుకు వంద బిందెలు పోసినా ఒకటే, చుక్క పోయకున్నా ఒకటే. పైనుంచి వచ్చిన పిడుగు, పోయే దారి లేక పక్కకు దూకింది. పక్కన బావ ఉన్నాడు.

ఈ సంగతి ఆ సాయంత్రం గదిలో కాలు పెట్టిన మరుక్షణమే తెలిసింది నాకు. నీ ఆగస్టు జాబు చదివినప్పుడు కూడా తెలుసు. "నీ తప్పు లేదు" అని ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. నువ్వు నీ నెత్తిన వేసుకున్నావు కదా, నా నెత్తిన దిగింది కదా అనుకున్నాను. అయ్యిందేదో అయ్యింది అని రాశాను. అది రాసినాక అన్నం తినబుద్ధి కాలేదు. అయినా ఆ జాబు పోస్టు డబ్బాలో వేసొచ్చాను.

అంతా రాస్తాను. ఆ బుధవారానికి ముందటి ఆదివారం నేను బస్సు దొరకదని పరుగెత్తి, కత్తిని పైనే వదిలేసినా. గది విడిచే ప్రతిసారీ దించాలన్నది నేను పెట్టిన నియమమే. బుధవారం మిద్దె మీద నుంచి పడమట మబ్బు చూస్తే గుర్తొచ్చింది. రేడియో కాలిపోతుందని భయపడినా. బావ గుర్తుకు రాలేదు, రేడియోనే గుర్తొచ్చింది. ఆ కంగారులో ఆఫ్ అన్నా. పదకొండేండ్లు దించు దించు అన్నోణ్ణి, ఆ ఒక్క పొద్దు ఆఫ్ అన్నా. బావ సంగతి నీకు తెలుసు. దించమంటే దించేవాడు, ఆఫ్ అంటే ఆఫ్ చేసినాడు. నిర్లక్ష్యం కాదు. నేను చెప్పిందే చేసినాడు.

ఫోనులో నాకు ఉరుము కూడా వినబడింది మారెక్కా. ఉరుము వినబడినాక మనిషిని ఆ స్విచ్ దగ్గరికి పంపకూడదు. హామ్ క్లబ్బులో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠంగా నేను చెప్పేది అదే.

నీకు రాసినాను గదా. కాగితం మిగులుతుందన్నావు, మిగిలింది, దాచుకో. కల్పనకు చూపించు. పాలకేంద్రం దగ్గర మాత్రం ఒక మాట విను. నేను వచ్చి, పిడుగు దైవాధీనం, బావ తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు అని అందరి ముందరా చెబుతాను. అంతటితో సరిపెట్టవా? ఈ వయసులో ఆ అరుగు మీద తల దించుకుని నిలబడలేను.

తిప్పేష్


రాళ్లకొట్టాల
అక్టోబరు 10

తిప్పేష్‌కు,

సరిపెట్టను.

ఎవరి తప్పూ లేదని చెబుతాడంట! ఇటూ గాక అటూ గాక, మధ్యలో పెడతానంటావు. మధ్యలో పెట్టే ఒక మనిషి పోయినాడు.

ఐదు వారాలు ఆ గుంత దగ్గర నిలబడి, ఎండిన మంటిని చూసి, నేనే చంపినా నేనే చంపినా అనుకున్నాను. ఒకనాడు పురుగుల మందు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. కల్పన ఫోను మోగి ఆగినాను. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు చెప్పినాను, నువ్వు కూడా మొయ్యి. నువ్వు ఆఫ్ అన్నది నోరు జారి. దాన్ని నేను ఏదో ఒకనాటికి మరిచిపోదును. సెప్టెంబరు ఎనిమిదో తేదీ జాబు నోరు జారి రాసింది కాదు. "నీళ్లు పోస్తున్నావు కదా, మంచిది" అన్నావు చూడు, దాన్ని మరిచిపోను.

కేశవ కొత్త చెక్క వేసి స్విచ్ బిగించినాడు. ఆయప్ప బోరు పైపు ఇనుప కప్లింగు ఒకటి పడి ఉంటే కర్ర పిడికి కట్టించినాను. పైకెత్తి కొక్కీ తగిలిస్తేనే పైన ఉంటుంది. కొక్కీ తీస్తే ఆ బరువుకు టపీమని కిందికి పడుతుంది. మధ్యలో నిలబడమన్నా నిలబడదు.

గురువారం పొద్దున ఏడు గంటలకు పాలు పోసేవాళ్లందరూ ఉంటారు. వచ్చి రెండు మాటలు చెప్పు. "ఆఫ్ అన్నది నేను. పుల్లన్న నేను చెప్పింది చెప్పినట్లు చేసినాడు." దేవుణ్ణి మధ్యలోకి తీసుకురావద్దు. చెబితే గది నీది, పోయి కూర్చుని ఎవనితోనన్నా కట కటా కొట్టుకో. నేను అడ్డం రాను, అన్నం కూడా పెట్టను. రాకపోతే శుక్రవారం కేశవ కంబం కోస్తాడు.

గుంతకు నీళ్లు ఇంకా పోస్తున్నాను. నీకోసం కాదు, అలవాటైపోయింది.

మారెక్క


అనంతపురం
అక్టోబరు 13
(కార్డు)

మారెక్కా,

గురువారం మొదటి బస్సుకు వస్తాండా. ఆ రెండు మాటలే చెబుతా. కల్పననూ, వాళ్లత్తనూ కూడా పిలిపించు. యాడికిదాకా పోయిన మాట యాడికి వాళ్ల ముందరే వెనక్కు రావాల.

రెండు దినాలుగా పడమట మళ్లా మబ్బు కనబడతాండాది. కొక్కీ తీసే ఉంచు. పైనుండాదో కిందుండాదో చూడను కూడా పోవద్దు. రేడియో కాలిపోతే పోనీ. ఉరుము వినబడితే ఆ గది దగ్గరికి ఎవ్వరూ పోవద్దండి.

ఆ పొద్దు ఫోనులో బావకు చెప్పాల్సింది ఇదే.

తిప్పేష్